బందరులో చచ్చి గుడివాడలో బతికినవాడు

కత్తెర పట్టడం తెలియకుండానే సినిమా ఆపరేటర్లయిపోయిన తరం మీది. తప్పు మీది కాదులెండి. ఇప్పుడు సినిమా ఆకాశంలోంచి దిగుతుంది, మీరు బటను నొక్కుతారు, తీసినవాడు ఏం తీశాడో ఊళ్ళో జనం అదే చూస్తారు. మా రోజుల్లో అలా కాదు. బెజవాడ నుంచి రేకు పెట్టెల్లో వచ్చే సినిమా ఒకటి, మా కేబిన్ కిటికీలోంచి తెర మీదికి వెళ్ళే సినిమా ఒకటి. రెండింటికీ మధ్య ఒక కత్తెర, ఒక గమ్ము సీసా, ఒక ఆపరేటరు ఉండేవాళ్ళు.

నేను బందరులో ఒకే థియేటర్లో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిపోయాను. కనిపించిన కుర్రాళ్ళందరూ "మీరు వేసిన వాటిలో పెద్ద హిట్టు ఏదండీ?" అని అడుగుతారు. హిట్లు చాలా వేశాను, ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. నాకు బాగా గుర్తున్నది ఒక ఫ్లాపు. సినిమా పోతే తీసినవాడు ఏడుస్తాడు, కొన్నవాడు ఏడుస్తాడు. ఆ సినిమా పోయినందుకు మనస్ఫూర్తిగా సంతోషించినవాడు ఈ జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎందుకో చెబుతాను.

అది రెండో భాగం. కాబట్టి ముందు మొదటి భాగం సంగతి చెప్పాలి.

తొంభైల మధ్యలో వచ్చిందది. పేరెందుకు, తీసినవాళ్ళు ఇంకా ఉన్నారు. నేరాల కథ. అప్పటిదాకా మన నేరాల సినిమాల్లో విలన్ ఇంట్లో కూడా కోటు వేసుకుని, గ్లాసు పట్టుకుని, పెద్దగా నవ్వేవాడు. ఇందులో ఎవరూ నవ్వరు. ఓడరేవు ఊళ్ళో టాక్సీ నడుపుకునే హీరో, హోటల్లో పాటలు పాడే ఒకమ్మాయి, దాచిపెట్టమని ఆ అమ్మాయి ఇచ్చిన ఒక సంచీ. మనుషుల ముఖాలు సగం వెలుగులో, సగం చీకట్లో ఉంటాయి. ఎవరిని నమ్మాలో హీరోకీ తెలియదు, మనకీ తెలియదు. ఆఖరికి ఆ అమ్మాయే అతన్ని కాల్పించేస్తుంది. కడుపు దగ్గర చేత్తో నొక్కిపట్టుకుని, హీరో జెట్టీ మీద నడుచుకుంటూ మంచులోకి వెళ్ళిపోతాడు. మాట లేదు, పాట లేదు, దూరంగా ఓడ కూత ఒక్కటే.

చీకటి సినిమా అంటే ఆపరేటరుకి చాకిరీ. అప్పుడు మాది కార్బన్ దీపం. రెండు కడ్డీలు ఎదురెదురుగా పెడితే వాటి మధ్య మంట పుడుతుంది. అవి కాలి అరిగేకొద్దీ చేత్తో జరుపుతూ ఉండాలి. మామూలు సినిమాకి రెండు నిమిషాలు ఏమరినా జనం పట్టించుకోరు. ఈ సినిమాకి ఏమరితే తెర మీద బొగ్గు తప్ప ఏమీ ఉండదు.

రిలీజు రోజున పెట్టె ఆలస్యంగా వచ్చింది. మార్నింగ్ షో ఎగిరిపోయి, మ్యాట్నీయే మొదటి ఆట అయింది. మా హెడ్ ఆపరేటరు గారు పెడనలో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. కేబిన్లో నేనొక్కణ్ణే. ఆయన నాకు మొదటి రోజే చెప్పిన పాఠం ఒకటుంది: "వెలుగు చూడు, ఫోకసు చూడు, మిషను చప్పుడు విను. కథ మాత్రం చూడకు. కథలో పడ్డావంటే మిషన్ని వదిలేశావన్నమాటే." అన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ జవదాటలేదు. ఆ రోజు కథలో పడ్డాను.

హీరో మంచులో కలిసిపోతున్నాడు. నేను కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను. వెనకాల, ఆడిన ఫిల్ము చుట్టుకునే కింది స్పూలు తిప్పే బెల్టు ఎప్పుడు జారిందో నాకు తెలియదు. స్పూలు ఆగిపోయింది, ఫిల్ము మాత్రం పైనుంచి దిగుతూనే ఉంది. చుట్టుకోవడానికి చోటు లేక కింది పెట్టెలో కుక్కుకుపోతోంది. కరకరమని చప్పుడు వినిపించి ఉలిక్కిపడ్డాను. ఒక చేత్తో దీపం ముందు షట్టరు మూసి, ఇంకో చేత్తో మోటారు ఆపాను. తెర ఖాళీ కాగానే హాల్లో గేటు మనిషి అలవాటు కొద్దీ లైట్లు వేసేశాడు.

ఇక ఈలలు, అరుపులు, మా అమ్మనీ నాన్ననీ తలుచుకోవడం మొదలవుతాయని చెవులు రిక్కించాను. ఏమీ లేదు. హాలంతా ఉన్నచోటే కూర్చుని ఉంది. తర్వాత నేల క్లాసులో ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. ఆ వెనకే హాలంతా కొట్టింది. సినిమా అయిపోయిందనుకున్నారు!

జనం వెళ్ళాక పెట్టె తెరిచాను. నూట ముప్పై అయిదు అడుగుల ఫిల్ము, అంటే తొంభై సెకన్లు, పక్క చిల్లులు చిరిగిపోయి, నలిగి ముద్దయి ఉంది. బల్బు ముందు పట్టుకుని ఒక్కో బొమ్మా చూశాను. ఆసుపత్రి మంచం. కట్లు. హీరో కళ్ళు తెరిచాడు. మంచం పక్కన ఒక పోలీసు ఆఫీసరు, అతనికి నల్ల కళ్ళద్దాలు అందిస్తున్నాడు. అంటే హీరో చావలేదన్నమాట.

రూలు ప్రకారం నేను మేనేజరు గారికి చెప్పాలి, ఆయన బెజవాడ డిస్ట్రిబ్యూటర్లకి ఫోను చేయాలి, వాళ్ళు కొత్త రీలు పంపాలి. అప్పటికి నెల రోజుల ముందే ఒక పాట ముక్క కాల్చి మేనేజరు గారి చేత తిట్లు తిన్నాను. "ఇంకోసారైతే నీ లైసెన్సు నేనే దగ్గరుండి పీకిస్తాను" అన్నారాయన. ఇంట్లో ఇద్దరు పిల్లలు. పాడైన ముక్క కోసేసి, శుభం అనే ఆఖరి కార్డు అతికించి, ఫస్ట్ షో వేశాను. భయంతోనే చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. పూర్తి నిజం అది కాదు. ఆ చప్పట్లు నావి అనిపించాయి. బందరు జనం అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేనెప్పుడూ వినలేదు, ఆ నిశ్శబ్దం నా కత్తెర వల్ల వచ్చిందని నాకు తెలుసు.

సినిమా ఆడింది చూడండి, యాభై రోజులు! చచ్చాడా, బతికాడా తేల్చుకోడానికి చూసినవాళ్ళే మళ్ళీ వచ్చారు. కోనేరు సెంటర్లో టీ బల్లల దగ్గర ఇదే గొడవ. చివరికి బందరు ఒక నిర్ణయానికి వచ్చింది. చచ్చాడు. మా దగ్గర నుంచి అదే ప్రింటు అవనిగడ్డ వెళ్ళింది, అక్కణ్ణుంచి నాగాయలంక వెళ్ళింది. కాబట్టి దివిసీమలో కూడా చచ్చాడు. గుడివాడకి వేరే ప్రింటు వచ్చింది. అందులో ఆసుపత్రి ఉంది. గుడివాడలో హీరో నిక్షేపంలా బతికాడు.

తమాషా ఏమిటంటే ఎవరికీ ప్రింటు మీద అనుమానం రాలేదు. ఎదుటి ఊరివాళ్ళ మీద వచ్చింది. "గుడివాడోళ్ళకి అర్థంకాని సినిమా ఉంటే సొంతంగా కథ కట్టుకుంటారు" అని మావాళ్ళు. "బందరోళ్ళు సినిమా అయ్యేదాకా కూర్చోరు, సైకిల్ స్టాండు రద్దీ అని ముందే లేచిపోతారు" అని వాళ్ళు. కృత్తివెన్ను దగ్గర ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు గుడివాడ, ఆడపెళ్ళివారు బందరు. భోజనాల దగ్గర ఈ మాటొచ్చి, పెళ్ళికొడుకు మేనమామ విస్తరి ముందు నుంచి లేచిపోయాడట. మధ్యలో ఒకసారి టీవీలో మొత్తం సినిమా వేశారు కూడా. ఇక దొరికిపోయాను అనుకున్నాను. "టీవీవాళ్ళు ఇళ్ళల్లో ఆడవాళ్ళు బాధపడతారని బతికించేశారు" అని మా బందరు తేల్చిపారేసింది. నమ్మకం కుదిరాక సాక్ష్యాలతో పనిలేదు.

నిజం తెలిసినవాడు ఒక్కడే, గుడివాడలో ఆపరేటరు. ఇద్దరం ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం, చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఒకరోజు ఫోను చేసి, "ఏంటి బావా, మీ ఊరోళ్ళందరికీ ఒకేసారి కళ్ళు పోయాయా?" అన్నాడు. చెప్పేశాను. ఫోనులోనే పడీ పడీ నవ్వాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు.

ఇంకొకరి గురించి చెప్పాలి. గిలకలదిండి నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఒక అక్క ఉండేది. పొద్దున్నే వీధులన్నీ తిరిగి, ఒంటిగంటకల్లా సరుకు అమ్మేసి, బుట్ట సైకిల్ స్టాండులో పెట్టి మ్యాట్నీకి వచ్చేది. మా నేల క్లాసుకి ఆవిడే పెద్ద. ఆ మొదటి రోజు తొలి చప్పట్లు ఆవిడవేనని తర్వాత గేటు మనిషి చెప్పాడు. ఆ సినిమా తొమ్మిదిసార్లు చూసింది. ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే ఆపి, "తమ్ముడూ, ఈ సినిమా తీసినాయనది సముద్రం పక్క ఊరేనా?" అంది.

"తెలీదక్కా. ఎందుకూ?"

"కాకపోతే ఇట్టా తీయలేడు. పోయినోడు పోయాడో, వత్తాడో తెలీక ఒడ్డున నిలబడ్డం మాకు తెలుసు. ఇన్ని సినిమాలు చూశాను, ఒక్కడూ అది చూపించలా. అందరూ చివర్లో లేపి కూచోబెట్టేత్తారు. ఈయన ఒక్కడే నిజం చెప్పాడు."

నేను తలూపి వచ్చేశాను. ఆ రాత్రి నుంచి నాకు ఆ సంగతి వేళాకోళం కాకుండా పోయింది. మేనేజరు గారిని మోసం చేశాను, సరే. బెజవాడవాళ్ళని మోసం చేశాను, వాళ్ళకి అలవాటే. కానీ ఆవిడ నిజమని పట్టుకుంది నా బెల్టు జారిన ముక్కని. ఆవిడ ఎదురైతే తల దించుకుని పక్కసందులోంచి వెళ్ళడం మొదలుపెట్టాను.

మూడేళ్ళు గడిచాయి. రెండో భాగం తీస్తున్నారని పేపర్లో పడింది. హీరో నల్లకోటు, నల్ల కళ్ళద్దాలు, వెనక వాన. ఆ బొమ్మ చూసి బందరులో సగంమంది అతని తమ్ముడై ఉంటాడన్నారు. మిగతా సగం, దయ్యమన్నారు.

మా ప్రొప్రయిటరు గారిది గూడూరు వైపు. పెద్ద రైతు, మంచి మనిషి, సినిమా అంటే పిచ్చి. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. రిలీజు రోజున పొద్దున మార్నింగ్ షోగా మొదటి భాగం, మ్యాట్నీ నుంచి రెండో భాగం. బెజవాడవాళ్ళతో మాట్లాడి మొదటి భాగానికి కొత్త ప్రింటు తీయించారు. కేబిన్లోకి వచ్చి మరీ నాకు చెప్పారు.

"కొత్త ప్రింటోయ్! గీత ఉండదు, అతుకుండదు. మనూళ్ళో ఆ సినిమా ఎంత బాగా ఆడిందో వాళ్ళకి చెబితే, ఆ జిల్లాలో మీకే ఎందుకు అంత నచ్చిందో మాకు అర్థం కాలేదన్నారు. మీకేం తెలుసు బందరు రుచి అన్నాను. ఏవంటావ్?"

"అంతేనండి" అన్నాను.

కొత్త ప్రింటంటే ఆసుపత్రి ఉంటుంది. బందరు మొత్తం ఒకేచోట కూర్చుని, మూడేళ్ళ తర్వాత ఆ తొంభై సెకన్లు చూస్తుంది. పెళ్ళిళ్ళలో కొట్టుకున్నవాళ్ళు, పందేలు కట్టుకున్నవాళ్ళు అందరూ ఉంటారు. ఆ ముక్క ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందని అడిగితే, కేబిన్ వైపే కదా చూస్తారు? ఉద్యోగం పోతుంది, లైసెన్సు పోతుంది. నాకు వేరే పని రాదు. వీటన్నిటికన్నా, నేల క్లాసులో ఆ అక్క ముఖం ఎలా ఉంటుందో అన్నదే ఎక్కువ భయం.

బస్సెక్కి గుడివాడ వెళ్ళాను. బావ కేబిన్ బయట మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అంతా విన్నాడు.

"ఈసారి కూడా కోసేశావనుకో, రెండో పార్టు మొదలయ్యేదే ఆసుపత్రిలో అంట. నీ జనానికి సినిమా అర్థం కాదు. కొయ్యకపోతే నువ్వు అర్థమైపోతావు."

"మరేం చెయ్యమంటావు బావా?"

"నన్నడుగుతావేంటి? నీకు కావాల్సింది సలహా కాదు. 'కొయ్యి బావా, ఫర్లేదు' అని ఎవరో ఒకరు అనాలి. నేననను." బీడీ ఆర్పేసి, "అయినా మూడేళ్ళ నుంచి నువ్వు నా దగ్గరికొచ్చి ఒక్క సినిమా గురించి కూడా సరదాగా మాట్లాడలేదు, తెలుసా?" అన్నాడు.

రిలీజుకి ముందురోజు మధ్యాహ్నం ప్రింట్లు వచ్చాయి. రీళ్ళు చుట్టే బల్ల మీద కూర్చుని, మొదటి భాగం ఆఖరి రీలు వేళ్ళ మధ్యనుంచి జార్చుకుంటూ చూశాను. కొత్త ఫిల్ము, గాజులా నున్నగా ఉంది. జెట్టీ వచ్చింది. మంచు వచ్చింది. ఆసుపత్రి వచ్చింది. కత్తెర బల్ల మీదే ఉంది. అబద్ధం ఎందుకు, చేతిలోకి తీసుకున్నాను కూడా. అంతలో పక్కన హెడ్ ఆపరేటరు గారు "ఏంటది, అతుకు ఏమైనా ఊడిందా?" అన్నారు. "లేదండి, బాగానే ఉంది" అని కింద పెట్టేశాను. అంతకన్నా గొప్ప కారణం ఏదైనా ఉందని మీకు చెప్పాలని ఉంది, కానీ లేదు. బాగానే ఉన్నదాన్ని కొయ్యడానికి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున హాలు కిటకిటలాడింది. గుడివాడ నుంచి రెండు జీపుల్లో కుర్రాళ్ళు దిగారు. మా అక్క ఆ రోజు చేపల బుట్టే తీయలేదట, మార్నింగ్ షోకే వచ్చి నేల క్లాసులో ముందు కూర్చుంది. నాకు ముందురోజు నుంచి మెతుకు దిగలేదు. ఆఖరి రీలు వేసే వంతు నాదే వచ్చింది.

జెట్టీ మీద హీరో నడుస్తున్నాడు. హాలు మూడేళ్ళ కిందటిలాగే నిశ్శబ్దమైంది. నా చెయ్యి షట్టరు పిడి మీద ఉంది. ఈసారి కత్తెర కూడా అక్కర్లేదు. అతను మంచులో కలిసినప్పుడు పిడి కిందికి లాగితే చాలు, గేటు మనిషి లైట్లు వేసేస్తాడు, అందరూ చప్పట్లు కొడతారు. మంచు తెరంతా కమ్ముకుంది. ఓడ కూసింది. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాను.

ఆసుపత్రి వచ్చింది.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. హీరో కళ్ళు తెరవగానే గుడివాడ కుర్రాళ్ళు కుర్చీలెక్కి ఈలలు వేశారు. "చూశారా? చూశారా? మేం మూడేళ్ళ నుంచి మొత్తుకుంటున్నాం!" మావాళ్ళు లేచారు. "ఇది అతికించిన ముక్క! గుడివాడ నుంచి మోసుకొచ్చారు!" లైట్లు వచ్చేసరికి హాలు చేపల మార్కెట్టులా ఉంది. మేనేజరు గారు రెండేసి మెట్లు ఎక్కుతూ కేబిన్లోకి వచ్చారు.

"ఏవయ్యా, ఏంటా ముక్క? బెజవాడోళ్ళు వేరే సినిమా రీలు కలిపేశారా?"

ఆయన కూడా బందరాయనే. ఆయన నమ్మకం కూడా అదే. ఔనండి, అక్కడే ఏదో పొరపాటు జరిగింది అంటే అయిపోయేది. ఆయనే ఫోను చేసి వాళ్ళని తిట్టేవారు.

"కాదండి. అది ఈ సినిమాలోదే. మూడేళ్ళ కిందట నేనే కోసేశాను" అన్నాను.

జరిగిందంతా చెప్పాను, బెల్టు జారడం దగ్గర నుంచి. హెడ్ ఆపరేటరు గారు నా వైపు చూడకుండా కార్బన్ కడ్డీలు తుడుస్తూ ఉండిపోయారు. మేనేజరు గారు స్టూలు మీద కూలబడ్డారు.

"మా బామ్మర్దితో రెండేళ్ళు మాటల్లేవయ్యా ఈ గొడవ మీద" అన్నారు. తర్వాత లేచి, "ప్రొప్రయిటరు గారికి నువ్వే చెప్పు. నా వల్ల కాదు. ముందు మ్యాట్నీ వెయ్యి, కుర్చీలు మిగిలితే చూద్దాం" అంటూ దిగిపోయారు.

ఈ గొడవ ఊరంతా పాకి, మ్యాట్నీకి రావాల్సినవాళ్ళకన్నా ఎక్కువమంది వచ్చారు. బతికినవాడు ఏం చేస్తాడో చూద్దామని. రెండో భాగం మొదలైంది.

నేను ఆ సినిమాని తిట్టను. కెమెరా పనిచేసినాయన చెయ్యి బంగారం. ప్రతి సీన్లోనూ వాన. తడిసిన రోడ్డు మీద ఎర్రలైటు, నీలంలైటు. హీరో కోటు కాలరు ఎత్తుకుని మెల్లగా నడిచేవాడు, సిగరెట్టు మెల్లగా వెలిగించేవాడు, మెల్లగా అద్దంలో చూసుకునేవాడు. చూసుకుని కళ్ళద్దాలు పెట్టుకునేవాడు. తర్వాత మళ్ళీ నడిచేవాడు. మొదటి సినిమాలో అతను టాక్సీవాడు, భయపడేవాడు, అప్పుడప్పుడు ఆకలేసేది, ఎవరో ఒకర్ని నమ్మేవాడు. ఇందులో ఆ మనిషి లేడు, కోటు ఉంది. పాటలు పాడే అమ్మాయి మళ్ళీ వచ్చింది, ఎందుకు కాల్పించావని అతను అడగనే లేదు. ముప్పావుగంట గడిచేసరికి నేల క్లాసు నుంచి "ఒరేయ్, ఆ వాన ఆపండ్రా, పడిశం పట్టేత్తది!" అని కేక. హాలంతా గొల్లుమంది. పొద్దున ఒకళ్ళ కాలర్లు ఒకళ్ళు పట్టుకున్న బందరు, గుడివాడ పక్కపక్కన కూర్చుని నవ్వుతున్నారు.

ఇంటర్వెల్లో ప్రొప్రయిటరు గారు కేబిన్లోకి వచ్చారు. మేనేజరు గారే చెప్పేసినట్టున్నారు. నిలబడ్డాను.

"నువ్వేనా?"

"నేనేనండి. తప్పయిపోయింది."

ఆయన కిటికీలోంచి ఖాళీ తెర వంక చూశారు. "ఆ సినిమా వందసార్లు తలుచుకున్నానోయ్ నేను. మంచులోకి వెళ్ళిపోవడం. ఎంత గుండె ఉండాలి అలా ఆపడానికి, ఆ డైరెక్టరు ఎంత గొప్పవాడు అనుకున్నాను. బెల్టు జారిందా?"

"జారిందండి."

"ఇంకెప్పుడైనా ముక్క పోయినా, కోసినా ముందు నాకు చెప్పు. ఉద్యోగం తీసేస్తానని భయపడకు, తీసేస్తే తీసేస్తాను, ముందు చెప్పు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఇప్పుడు తీసెయ్యను. ఈ రెండో భాగం మన హాల్లో ఉన్నన్ని రోజులూ, రోజుకి నాలుగు ఆటలూ, ప్రతి రీలూ నువ్వే వెయ్యాలి. మిగతా ఆపరేటర్లకి సెలవు."

హెడ్ ఆపరేటరు గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. "వారం కన్నా ఉండదులే, బతికిపోయావు" అన్నారు. నిజంగానే వారం ఉండలేదు.

సెకండాఫ్ సగంలో జనం లేచిపోవడం మొదలైంది. ఒక్క కుర్చీ చిరగలేదు. కోపం రావాలన్నా ఓపిక ఉండాలి, ఆ వాన అందరి ఓపికా కడిగేసింది. కోసిన ముక్క గురించి అడిగినవాళ్ళే లేరు. హాలు ఖాళీ అయ్యాక మెట్లు దిగాను. అక్క కింద నిలబడి ఉంది. పక్కసందు ఉంది కానీ ఆ రోజు అటు వెళ్ళాలనిపించలేదు. నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్ళాను.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి. మొదటి సినిమాలో అతను బతికే ఉన్నాడు. ఆసుపత్రి ముక్క నా చేతిలో పాడైపోయింది, కోసి పారేశాను. నువ్వు ఆ రోజు నిజం చెప్పాడన్నావే, అది డైరెక్టరు చెప్పింది కాదు. నా తప్పు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతోంది.

"నువ్వు కోసేశావా? ఆ ఆసుపత్రిది నువ్వు తీసేశావా? ఓరి నీ..." నవ్వుతూనే మెట్టు మీద కూర్చుంది. "మంచి పని చేశావు తమ్ముడూ. నువ్వు చంపినప్పుడే బాగున్నాడు. మరి బతికొచ్చి ఈడు ఏం ఊడబొడిచాడు? అద్దంలో చూసుకోడవేగా?"

"కానీ అక్కా, నువ్వు నమ్మావు కదా..."

"నమ్మితే? ఒడ్డున నిలబడ్డం అబద్ధమైపోద్దా? అది నాది, సినిమావోడిది కాదు." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "నాకు ఇయ్యాల నచ్చంది అది కాదు. బతికొచ్చినోడు ఇట్టా ఉండడు. మా ఇంటాయన తుపాను తర్వాత మూడోరోజు తిరిగొచ్చాడు. కోటూ లేదు, కళ్ళద్దాలూ లేవు. ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పలా. అన్నం పెట్టమన్నాడు. చట్టిలో అన్నం అంతా తిన్నాడు. తిని పడుకున్నాడు. బతికొచ్చినోడు అట్టా ఉంటాడు. అది తీయొచ్చుగా ఆళ్ళు?"

మూడేళ్ళుగా ఈవిడ ముందు నిలబడడానికి భయపడ్డాను. ఇప్పుడు ఈవిడే ఏ డైరెక్టరుకీ తట్టని సీను చెబుతోంది, నేను ఆపరేటరుని, వింటున్నాను.

ఆవిడ లేచి, నా ముఖం వంక పరీక్షగా చూసింది. "అదేంటి, అట్టా పీక్కుపోయావు? ఏవన్నా తిన్నావా నువ్వు?"

"నిన్నట్నించి లేదక్కా."

"ఎల్లి తిను. ఫస్ట్ షో ఎయ్యాలిగా ఆ వాన సినిమా" అని, మళ్ళీ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఎదురుగా హోటలుంది. వెళ్ళి కూర్చున్నాను. పెసరట్టు చెప్పాను. అది తిని ఇంకోటి చెప్పాను. ఉప్మా చెప్పాను. సర్వరు "ఏంటండీ, ఊరెళ్ళొచ్చారా?" అన్నాడు. అవునన్నాను. ఫస్ట్ షో బెల్లు కొట్టేదాకా తింటూనే ఉన్నాను.